సంక్రాంతి తర్వాత అండమాన్: నలుగురం, లక్ష రూపాయలు, గదులు యాడ తీసుకోవాల?

వేదాయపాళెం కుర్రోడు:

అన్నలూ, అక్కలూ! నెల్లూరు నుంచి బయలుదేరి జనవరి 19న పోర్ట్ బ్లెయిర్‌లో దిగి 25న తిరిగొచ్చేట్టు అనుకుంటుండాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, అరవై నాలుగేళ్ల మా అమ్మ. అమ్మకు మోకాళ్ల నొప్పి. అర కిలోమీటరు నిదానంగా నడుస్తుంది గానీ మెట్లు కష్టం. నీచు ముట్టదు. మా ముగ్గురికీ చేప లేకపోతే ముద్ద దిగదు, అది వేరే సంగతి.

చేతిలో లక్ష ఉండాది. అయిదువేలు అటూ ఇటూ అయినా పర్లేదు. అడగాల్సింది ఇదీ. ఓడలో పోతే చవకని మా మామ అంటుండాడు, నిజమేనా? హావ్‌లాక్ ద్వీపంలో గదులు మూడు రకాలు కనపడుతున్నాయి. 5వ నంబరు బీచ్‌లో సముద్రం ఎదురుగా గుడిసె 1,400, బజారు దగ్గర ఏసీ గది 2,200, రాధానగర్ బీచ్ పక్కన 4,500. ఫోటోలు చూస్తే గుడిసే బాగుండాది. చెన్నైలో ఒక ఏజెంటు విమానం కాకుండా తలకు 21 వేలకు అంతా చూసుకుంటానంటుండాడు. ఒప్పుకోవాల్నా, మనమే చేసుకోవచ్చా?

గూడూరు జంక్షన్:

ముందు ఓడ సంగతి తేల్చేస్తా. అది మీ సెలవులకు పొసగదు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం. ఓడకు సుమారు 60 గంటలు పడతాది, గాలి ఎదురైతే ఇంకా ఎక్కువ. విశాఖ నుంచి పోయినా పెద్ద తేడా లేదు. పోను మూడు రోజులు, రాను మూడు రోజులు అంటే మీ ఆరు రాత్రులూ నీళ్ల మీదే అయిపోతాయి. పైగా అది రోజూ తిరిగే బండి కాదు. చెన్నై నుంచి నెలకు మూడు నాలుగు సార్లే కదిలేది. తేదీ ముందుకీ వెనక్కీ జరుగుతాది, టికెట్లలో అక్కడి ద్వీపవాసులకే ముందు. మీ మామ చెప్పే చవక టికెట్ బంక్‌ది. పెద్ద హాల్లో వరసగా రెండంతస్తుల మంచాలు, మరుగుదొడ్లు ఉమ్మడి. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషిని ఆ నిట్రమైన ఇనప మెట్ల మీద ఎక్కించి దింపలేరు. కేబిన్ తీసుకుంటే ధర విమానం టికెట్ దగ్గరకు పొయ్యి కూచుంటాది. రెండు మూడు వారాలు తీరిక ఉండి, ఒంటరిగా పొయ్యేవాళ్లకు ఓడ బాగుంటాది. మీకు విమానమే.

టికెట్ వెతికేటప్పుడు ఇంకో మాట. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. హావ్‌లాక్ పేరు 2018 డిసెంబరు నుంచి స్వరాజ్ ద్వీప్, దాని పక్కనుండే నీల్ ద్వీపం పేరు షహీద్ ద్వీప్. సైట్లలో, జెట్టీ బోర్డుల మీద కొత్తవి, ఆటోవాళ్ల నోట పాతవి. విమానానికి ఐఎక్స్‌జెడ్ (IXZ) అనే కోడ్ కొట్టండి, ఏ పేరున్నా వచ్చేస్తాది.

చెన్నై నుంచి విమానం రెండు గంటల పైచిలుకు. నెల్లూరు నుంచి ఆర్టీసీ బస్సు ఎక్కితే మాధవరంలో దించుతాడు. ఆడి నుంచి విమానాశ్రయం ఊరికి ఆ చివర. సామాన్లతో, పెద్దావిడతో ఆ ట్రాఫిక్కులో పడొద్దు. రైల్లో సెంట్రల్‌కు పోండి, కిందే మెట్రో ఉంటాది. బండి మారకుండా ముప్పావుగంటకు కాస్త అటూ ఇటూగా విమానాశ్రయంలోకే చేరుస్తాది, అంతా లిఫ్టులే. అయితే మెట్రో తెల్లవారి అయిదింటికి గానీ మొదలు కాదు. సామాను ఇచ్చే కౌంటర్ విమానానికి గంట ముందే మూసేస్తారు. అందుకని రాత్రి రైలుకు పొయ్యి పొద్దున విమానం అందుకోవాలంటే 8 దాటాక ఉండే విమానం చూడండి. తెల్లవారుజాము విమానం నాలుగైదు వందలు తక్కువకు దొరికిందని తీసుకుంటే, ముందురోజు పినాకిని రైలుకు పొయ్యి మధ్యాహ్నం దిగి, రాత్రికి చెన్నైలో గది తీసుకోవాల. మిగిలిందంతా ఆ గదికే పోతాది.

తిరుగు ప్రయాణంలో విమానం మధ్యాహ్నం లోపల చెన్నైలో దిగేటట్టు ఉంటే, మళ్లా సెంట్రల్‌కు పోనక్కర్లేదు. విమానాశ్రయం ఎదురుగానే తిరుసూలం స్టేషన్. ఆడ లోకల్ ఎక్కితే తాంబరం. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఆడ్నుంచే బయలుదేరతాది, నెల్లూరులో దిగిపోవచ్చు. విమానం దిగేదానికీ రైలు కదిలేదానికీ మధ్య మూడు గంటలన్నా పెట్టుకోండి.

మైపాడు గట్టు:

గుడిసె ఫోటో చూసి పడిపోకండన్నా. ఆ ఫోటోలు అన్నీ పోటు మీద, అంటే నీళ్లు నిండుగా ఉన్నప్పుడు తీసినవి.

హావ్‌లాక్‌లో ఊళ్లకు, బీచ్‌లకు నంబర్లు ఉంటాయి. జెట్టీ ఉండేది 1. బజారు ఉండేది 3, గోవింద్‌నగర్ అంటారు. 5 అంటే విజయనగర్. 7 రాధానగర్, అది ద్వీపానికి అవతలి పక్క, జెట్టీ నుంచి 12 కిలోమీటర్లు. 3, 5 తూర్పు ముఖం, 7 పడమర ముఖం. ఈ రెండు పక్కల తేడా తెలిస్తే గది ఎక్కడ తీసుకోవాలో ఎవుర్నీ అడగనక్కర్లేదు.

మన మైపాడులో, కొత్తకోడూరులో నీళ్లు వెనక్కి పోయినా కింద ఇసకే. తూర్పు పక్క 3, 5 బీచ్‌లలో అట్ట కాదు. ఒడ్డుకు దగ్గర్లోనే పగడపు దిబ్బ పరుచుకుని ఉండాది. పోటు మీద దాని మీద నడుం లోతు నీళ్లు నిలబడి పచ్చగా మెరుస్తాయి. పాటు వచ్చి నీళ్లు లాగేశాయంటే వందల అడుగుల దూరం చచ్చిన పగడం, రాళ్లు, నాచు బయటపడతాయి. ఈత కాదు గదా, చెప్పుల్లేకుండా నడవలేరు, పాదాలు కోసుకుంటాయి. రోజుకు రెండు సార్లు పోటు, రెండు సార్లు పాటు, వేళ రోజుకు ముప్పావుగంట పైన వెనక్కి జరుగుతుంటాది. అమావాస్య, పున్నమి దగ్గరపడేకొద్దీ నీళ్లు మరీ దూరం పోతాయి. పంచాంగం చూసుకుని, పోర్ట్ బ్లెయిర్ ఆటుపోట్ల పట్టిక ఫోన్‌లో తీసి పెట్టుకుంటే ఏ పూట ఏ బీచ్‌కు పోవాల్నో ఇంట్లో కూచునే రాసుకోవచ్చు.

రాధానగర్ అచ్చంగా ఇసక. పోటైనా పాటైనా దిగొచ్చు. 2020లో మన రుషికొండతో పాటు, శుభ్రమైన బీచ్‌లకిచ్చే నీలి జెండా (బ్లూ ఫ్లాగ్) గుర్తింపు వచ్చిన బీచ్‌లలో అదొకటి. మరి ఆడే ఉండొచ్చు గదా అంటే, మీలాంటి వాళ్లకు కుదరదు. చీకటి పడితే ఆ పక్క ఏమీ ఉండదు. రాత్రి తిండి రిసార్టు వాడు పెట్టిందే, చెప్పిన రేటే. మందుల షాపైనా, పాలైనా 3కు రావాల.

అందుకని బజారు దగ్గర 2,200 గదికే నా ఓటు. ఇంకా మంచిది 3కూ 5కూ మధ్య మెయిన్ రోడ్డు మీదో, రోడ్డుకు వంద అడుగుల్లోనో దొరికితే. టిఫిన్, భోజనం నడిచిపొయ్యే దూరంలో ఉంటాయి, బస్సు ముందే ఆగుతాది. సముద్రం చూసేదానికి 5కు పొద్దున్నే పోండి, సూర్యోదయం ఆ పక్కే.

మీరు చెప్పిన గుడిసెలో ఇంకో తిరకాసు. నికోబారీ గుడిసె అని పెట్టే రకం కట్టెల కాళ్ల మీద లేపి కట్టుంటారు. గదిలోకి పోవాలంటే అయిదారు చెక్క మెట్లు, పట్టుకునేదానికి కమ్మీ ఉండదు. అమ్మ రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగుతాది? వెదురు సందుల్లోంచి బల్లులు, దోమలు. సాయంత్రం పూట ఒడ్డున ఇసక ఈగలు. ఇవి దోమ మాదిరి చప్పుడు చెయ్యవు, కుట్టిన తర్వాత రోజు దద్దుర్లు లేచి దురద పెడతాయి. కొబ్బరినూనె మందంగా పూసుకుంటే కొంత ఆగుతాయి. ఇసకలో ఒట్టి నేల మీద కూచోకుండా ఎత్తుగా కుర్చీలో కూచోవాల.

గదికి డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి అడగాల్సినవి: గది నేల మట్టంలోనా, కమోడ్ ఉందా, ఏసీకి వేరే డబ్బులా, కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా ఫ్యానేనా, మూడో మనిషికి పరుపు ఎంత, ద్వీపాల మధ్య తిరిగే ఫెర్రీ బోటు రద్దయితే డబ్బు తిరిగిస్తారా తేదీ మారుస్తారా. చివరి దానికి సరైన జవాబు ఇవ్వనోడికి పూర్తి అడ్వాన్సు కట్టొద్దు.

ఇంకోటి, పొద్దు సంగతి. అండమాన్ మనకు శానా తూర్పు, గడియారం మాత్రం మనదే. జనవరిలో ఆడ అయిదుంపావు, అయిదిన్నర మధ్య పొద్దు గూకుతాది, నెల్లూరు కంటే ముప్పావుగంట ముందు. రాధానగర్‌లో సూర్యాస్తమయం చూడాలంటే మూడున్నరకల్లా గది దగ్గర బయలుదేరాల. నాలుగున్నరకు పోదాంలే అనుకున్నోళ్లు చీకట్లో ఇసక తొక్కి వెనక్కొస్తారు. పొద్దుగూకంగానే గార్డులు విజిల్ ఊది నీళ్లలోంచి లేపేస్తారు. ఆ వేళకు తిరుగు ఆటో ఉండదు, అందుకని పోనూ రానూ, మధ్యలో ఆగేదానికీ కలిపి ఒకే ఆటో మాట్లాడుకోండి. మీటర్ ఉండదు, బేరం జెట్టీ దగ్గర కాకుండా బజారులో చెయ్యండి.

ఒంగోలు గిత్త:

లెక్క వేద్దాం, అప్పుడు ఏజెంటు సంగతి తేలుద్ది. కిందవి జనవరి మూడో వారపు అంచనాలు, బుక్ చేసే రోజు వెయ్యి రెండువేలు అటూ ఇటూ అవుతాయి.

విమానం తలకు రానూ పోనూ 11 వేలు వేసుకోండి, నలుగురికి 44. రెండేళ్లు దాటితే పిల్లకైనా పూర్తి సీటే. ఫెర్రీలు మూడు: పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్, హావ్‌లాక్ నుంచి నీల్, నీల్ నుంచి పోర్ట్ బ్లెయిర్. ప్రైవేటు వాటిలో కింది తరగతి సగటున 1,400 అనుకుంటే 17 వేలు. గదులు రాత్రికి 2,500 చొప్పున 15. తిండికి 16. ఆటోలు, స్కూటర్ 8. చిన్న పడవలు, టికెట్లు 6. నెల్లూరు రైలు, మెట్రో 2. మొత్తం 1,08,000.

ఎక్కడ కొయ్యాలి? గదిలో కోస్తే అమ్మకు ఇబ్బంది. తిండిలో కోస్తే తిట్లు మీకు. కొయ్యాల్సింది ఫెర్రీలోనే. ప్రభుత్వ ఫెర్రీ టికెట్ ప్రైవేటు దాంట్లో సగం కూడా ఉండదు. మూడింట్లో రెండు ప్రభుత్వానివి దొరికితే ఆరువేల దాకా మిగులుద్ది, 1,02,000కి వస్తారు. ప్రైవేటుది గంటన్నరలో హావ్‌లాక్ చేరిస్తే ఇది రెండున్నర గంటలు. గంట ఆలస్యానికి తలకు ఎనిమిది వందలు మిగలడం మంచి బేరమే. సీట్లు కొన్ని రోజుల ముందే తెరుస్తారు, తెరిచిన రోజే అయిపోతాయి. అందుకని తెరిచిన పూటే ప్రయత్నించండి, దొరక్కపోతే అదే గంటలో ప్రైవేటుది కొనెయ్యండి. సాయంత్రానికి అదీ నిండుద్ది. హావ్‌లాక్ నుంచి నీల్‌కు మాత్రం ప్రైవేటుదే ముందే తీసుకోండి, ఆ దారిలో బోట్లు తక్కువ.

ఇప్పుడు ఏజెంటు. తలకు 21 అంటే 84 వేలు. పైన లెక్కలో విమానం, రైలు తీసేస్తే మిగిలేది 62. ఆ 62లో మీ మూడు పూటల తిండి ఉంది, ఏజెంటు 84లో ఉండేది సాధారణంగా పొద్దున టిఫిన్ ఒక్కటే. అడిగి చూడండి. ప్యాకేజీలో ఇంకో బాధ, రోజుకు నాలుగు చోట్లు చూపిస్తామని పొద్దున ఏడింటికి కారు తెచ్చి హారన్ కొడతాడు. మోకాళ్ల నొప్పి మనిషికి రోజుకు ఒక్క చోటు చాలు.

గదులు సముద్రం వరస ప్రకారం తీసుకోండి. పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ ఒక త్రికోణం. ఆ త్రికోణం చుట్టే తిరిగి రావాలి, వచ్చిన దారినే వెనక్కి పోతే ఒక ఫెర్రీ దండగ. దిగిన రోజే హావ్‌లాక్ పోతే రాత్రి కలిసొస్తుంది. విమానం 10 లోపు దిగితే మధ్యాహ్నం 2 ఫెర్రీ ధైర్యంగా తీసుకోవచ్చు. హావ్‌లాక్ మూడు రాత్రులు, నీల్ రెండు, చివర పోర్ట్ బ్లెయిర్ ఒకటి.

చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే అన్నది మాత్రం బేరం లేని మాట. గాలి లేస్తే ఫెర్రీలు ఆపేస్తారు. ఫెర్రీ డబ్బు వాపసు వస్తుంది, విమానం డబ్బు రాదు.

గూడూరు జంక్షన్:

గిత్తన్నా, చివరి రాత్రి మాట నూటికి నూరు. మొదటి రాత్రి దగ్గర మాత్రం ఒప్పుకోను. రాత్రి రైలు, పొద్దున విమానం, మధ్యాహ్నం ఫెర్రీ, సాయంత్రం ఆటో. అరవై నాలుగేళ్ల మనిషికి ఒకే రోజు నాలుగు బండ్లా? పైగా విమానం రెండు గంటలు ఆలస్యమైతే ఫెర్రీ పాయె. అదే రోజు తర్వాత బోటు ఉంటాదని నమ్మకం లేదు, మధ్యాహ్నం దాటితే బోట్లు పలచబడతాయి.

మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్, రెండు హావ్‌లాక్, రెండు నీల్, చివరిది మళ్లీ పోర్ట్ బ్లెయిర్. రెండు సార్లూ ఒకే లాడ్జిలో చెప్పుకుంటే పెద్ద పెట్టె ఆడే పడేసి, చిన్న సంచులతో ద్వీపాలకు పోవచ్చు. అబర్డీన్ బజారు చుట్టుపక్కల తీసుకోండి. సెల్యులార్ జైలు, బస్టాండు, రాస్ ద్వీపానికి పడవలు, అన్నీ దగ్గర. విమానాశ్రయం నాలుగైదు కిలోమీటర్లే. కాకపోతే ఊరంతా ఎత్తుపల్లాలు. మ్యాప్‌లో మూడు వందల మీటర్లు అని చూపించేది నిట్రమైన ఎక్కుడు అయ్యుండొచ్చు, లాడ్జి వాడిని రోడ్డు మట్టంగా ఉందా అని అడగండి, లిఫ్టు ఉందా అని గూడా.

ఫెర్రీ టికెట్‌లో ఏ జెట్టీ అని రాసుంటాదో చూసుకోండి. ప్రభుత్వానివి ఫీనిక్స్ బే నుంచి, ప్రైవేటువి కొన్ని హాడో నుంచి. తప్పు జెట్టీకి పోతే ఇంకోదానికి చేరేలోపల గేటు మూసేస్తారు. గంట ముందుండాల. ఆధార్ అసలుది చేతిలో పెట్టుకోండి, పాపది గూడా.

వేదాయపాళెం కుర్రోడు:

శానా సంతోషం. గుడిసె మానేసినా. ఏజెంటుకు నమస్కారం పెట్టేస్తా. గూడూరన్న చెప్పిన 1, 2, 2, 1 బాగుండాది. ఇంకా మూడు సందేహాలు. అమ్మకు తిండి ఎట్ట? బోటులో వాంతులవుతాయేమో అని భయపడతా ఉండాది. నేనూ పాపా స్కూబా, అంటే ట్యాంకు కట్టుకుని సముద్రం అడుగుకు పొయ్యేది, చెయ్యాలనుకున్నాం, కుదురుతాదా? బారాటంగ్ సున్నపురాయి గుహలు బాగుంటాయంటుండారు, ఒక రోజు సర్దొచ్చా?

కందుకూరు అక్క:

తమ్ముడూ, పోర్ట్ బ్లెయిర్‌లో తిండికి దిగుల్లేదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్‌లో వందకు 13 మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి, తమిళులు ఇంకా ఎక్కువ. ఇడ్లీ, దోసె, సాంబారు అన్నం అబర్డీన్ బజారులో ఏ మూలైనా దొరుకుతాయి. హావ్‌లాక్, నీల్ సంగతి వేరు. అక్కడ ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. శాకాహార భోజనం అంటే అన్నం, పప్పు, ఒక కూర, వేపుడు. ఆవనూనె వాసన అమ్మకు పట్టకపోవచ్చు, ఆర్డర్ ఇచ్చేటప్పుడే రిఫైన్డ్ నూనెతో చెయ్యమనండి. చేప వేయించిన మూకుట్లోనే కూరగాయలు వేయించడం మామూలే. అమ్మకు అది పట్టింపు అయితే హావ్‌లాక్ 3వ నంబరు బజారులో శాకాహారం మాత్రమే వండే చోటు ఉందేమో గది వాళ్లను అడగండి. లేదా పప్పు, పెరుగు, అరటిపండుతో సరిపెట్టాలి. కందిపొడి, ఊరగాయ, అటుకులు ఇంటి నుంచి తీసుకెళ్లండి. ఊరగాయ చేతి సంచిలో కాకుండా సామానులో వెయ్యండి, భద్రత దగ్గర నూనె పచ్చళ్లకు అడ్డు చెప్తారు.

వాంతుల సంగతి. ప్రైవేటు వేగపు బోట్లు చాలావరకు మూసి ఉన్న ఏసీ హాళ్లు. బయట గాలికి నిలబడనివ్వరు, అలకు ఊగుతూ అద్దంలోంచి చూస్తూ కూచోవాలి. బాధ అక్కడే మొదలవుతుంది. సీటు మధ్యలో లేదా వెనక వైపు, కింది అంతస్తులో ఎంచుకోండి. ముక్కు భాగం ఎక్కువ ఎగిరిపడుతుంది. అవోమిన్ లాంటి మాత్ర బోటు కదిలాక వేస్తే పనిచెయ్యదు, కనీసం గంట ముందు వెయ్యాలి. నిద్రమత్తు వస్తుంది. అమ్మ బీపీకో షుగరుకో మందులు వాడుతుంటే ఊళ్లోనే డాక్టరును అడిగి మాత్ర రాయించుకుని కొనుక్కోండి. ఖాళీ కడుపు మంచిది కాదు, నిండు కడుపు అసలే కాదు. రెండు ఇడ్లీ చాలు. ఫోన్ చూడొద్దని పాపకు చెప్పండి.

ఎక్కేటప్పుడు జెట్టీకీ బోటుకూ మధ్య చెక్క వంతెన వేస్తారు. పాటు మీద అది బాగా ఏటవాలుగా ఉంటుంది. తోసుకునే గుంపు పోయాక చివర్లో ఎక్కించండి, సిబ్బంది చెయ్యి అందిస్తారు. సీటు నంబరు ఉంటుంది కాబట్టి తొందర అక్కర్లేదు.

అమ్మకు పనికొచ్చేవి: సెల్యులార్ జైలు సాయంత్రం శబ్ద కాంతి ప్రదర్శన, కుర్చీల్లో కూచుని చూడొచ్చు, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. రాస్ ద్వీపంలో ఎక్కుడు ఉంది కానీ బ్యాటరీ బండ్లు తిరుగుతాయి, బుధవారం మూత. నీల్‌లో భరత్‌పూర్ బీచ్ జెట్టీ పక్కనే. అడుగున అద్దం ఉండే పడవ ఎక్కాలంటే మోకాలి లోతు నీళ్లలోకి దిగాలి, పోటు మీద పడవ ఒడ్డుకు దగ్గరగా వస్తుంది, ఆ వేళ చూసుకోండి. నీల్‌లోని సహజ రాతి వంతెన మాత్రం ఆవిడకు వద్దు. అది పాటు మీదే చేరుకోగలం, దారంతా జారే రాళ్లు. మీరిద్దరూ పాపతో వెళ్లండి, అమ్మ పైన కొబ్బరిబోండాం తాగుతూ కూచుంటారు.

నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక నెట్ బాగుపడింది. అయినా హావ్‌లాక్, నీల్‌లో కొన్ని మూలల్లో సిగ్నల్ పోతుంది, అప్పుడు ఫోన్‌పే కదలదు. ఏటీఎంలు కొన్నే, నీల్‌లో మరీ తక్కువ.

మైపాడు గట్టు:

పాపకు స్కూబా కుదరదన్నా. సముద్రంలో పరిచయ డైవ్‌కు కనీసం పదేళ్లు నిండాల. తొమ్మిదేళ్లయినా పర్లేదు, చేయిస్తా అనేవాడు ఉన్నాడంటే, అదే వాడి దగ్గరకు పోకుండా ఉండేదానికి కారణం. పాపకు లైఫ్ జాకెట్ వేసి ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ చేయించండి, అంటే మాస్క్, గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ కిందికి చూసేది. హావ్‌లాక్ జెట్టీ నుంచి పడవలో ఇరవై నిమిషాలు, తలకు వెయ్యి ప్రాంతం. మాస్క్ బిగించే ముందు నుదుటి మీద వెంట్రుకలు లోపల ఇరుక్కోకుండా వెనక్కి తొయ్యాల, వెంట్రుక సందులోంచే నీళ్లు కారేది. సముద్రంలో అలజడి ఉన్నా, మొసలి కనపడినా ఆ బీచ్ మూసేస్తారు. అందుకని హావ్‌లాక్‌లో మొదటి పొద్దుటి పూటే పెట్టుకోండి, మూసినా ఇంకో పూట మిగులుతాది.

మొసలి మాట సరదాకు చెప్పేది కాదు. ఉప్పునీటి మొసళ్లు మడ అడవుల్లో, వాగు సముద్రంలో కలిసే చోట తిరుగుతాయి. రాధానగర్‌లో నీల్స్ కోవ్ వైపు 2010లో స్నార్కెలింగ్ చేస్తున్న అమెరికా అమ్మాయిని మొసలి చంపేసింది. వలలు కట్టిన జాగాలో, లైఫ్ గార్డు ఉండే వేళలోనే దిగండి. బోర్డు పెట్టిన చోట కాలు గూడా పెట్టొద్దు.

మీకైతే ఈత రాకపోయినా స్కూబా చేయిస్తారు. సుమారు 3,500 నుంచి 4,500. శిక్షకుడు వెనక ట్యాంకు పట్టుకుని ఒక్క మనిషికి ఒక్కడు ఉండాల, ఇద్దరికి ఒకడంటే ఒప్పుకోవద్దు. ఉబ్బసం, చెవి ఆపరేషన్, గుండె జబ్బు ఉంటే ఫారంలో దాచొద్దు. జలుబు ఉంటే ఆ రోజు మానెయ్యండి. ముక్కు మూసుకుపోయి చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు, కర్ణభేరి దెబ్బతింటాది. డైవ్ చేసినాక 18 గంటలు విమానం ఎక్కకూడదు. మీ ప్లాన్‌లో 21న హావ్‌లాక్‌లో చేస్తే 25 విమానానికి ఇబ్బంది లేదు. నీల్‌లో 24 పొద్దున చేద్దాంలే అని వాయిదా వేయొద్దు, ఫెర్రీ హడావిడి ఒకటీ, గంటల లెక్క ఒకటీ.

గవ్వలు, పగడం ముక్కలు ఏరి సంచిలో వెయ్యనివ్వొద్దు పాపను. పగడాలు వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నవి, విమానాశ్రయం స్కానింగ్‌లో దొరికితే కేసు. చచ్చిన పగడం ముక్కైనా అంతే.

గూడూరు జంక్షన్:

బారాటంగ్ ఈ సారికి వదిలెయ్యండి. పోర్ట్ బ్లెయిర్ నుంచి వంద కిలోమీటర్ల దారి. తెల్లవారి మూడింటికి లేచి జిర్కాటంగ్ చెక్‌పోస్టు దగ్గర వరసలో నిలబడాల. జారవా అనే ఆదిమ తెగ ఉండే అడవి గుండా కాన్వాయ్‌గా మాత్రమే పంపుతారు, మధ్యలో బండి ఆపకూడదు, ఫోటో తీస్తే 1956 నాటి ఆదిమ తెగల రక్షణ చట్టం కింద జైలు. అవతల ఫెర్రీ, ఆ తర్వాత మడ అడవిలో చిన్న పడవ, దిగి కిలోమీటరు పైన ఎత్తుపల్లాల నడక. అమ్మకు ఆ నడక కాదు, మీ ఆరు రాత్రుల్లో ఆ రోజూ లేదు. సోమవారం గుహలు మూత అని గూడా తెలియక పొయ్యేవాళ్లుంటారు.

ఆ ఓపిక ఉంటే చివరి సాయంత్రం సూర్యాస్తమయం చూసేదానికి చిడియా టాపు ఒడ్డుకు పోండి. మోహన్‌పురా బస్టాండు నుంచి ప్రభుత్వ బస్సులుంటాయి, పాతిక కిలోమీటర్లు. కానీ చీకటిపడ్డాక తిరుగు బస్సు కోసం వేచి ఉండాల్సొస్తాది, ఆ ఒక్కదానికి మాత్రం ఆటో మాట్లాడుకోండి. నీల్ నుంచి 24న మధ్యాహ్నం లోపల దిగే ఫెర్రీ దొరికితేనే ఇది కుదిరేది, లేకుంటే లాడ్జి దగ్గరే పెట్టెలు సర్దుకోండి.

వేదాయపాళెం కుర్రోడు:

సరే అన్నా, బారాటంగ్ కొట్టేసినా. 19కి పొద్దున 8:40 విమానం ఒకటి కనపడుతుండాది, 5,200. ఇది తీసుకోవచ్చా, ఇంకా తగ్గుతాదా?

ఒంగోలు గిత్త:

తీసుకో. సంక్రాంతి సెలవుల నుంచి వెనక్కొచ్చే జనం ఒక పక్క, రిపబ్లిక్ డే వారాంతం ఇంకో పక్క, మధ్యలో మీరు. పోను టికెట్ కంటే 25 తిరుగు టికెట్ ముందు పెరుగుద్ది. రెండూ ఈ రాత్రికే బుక్ చెయ్యి, పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే కొట్టు. అమ్మకు వీల్‌చైర్ కావాలని బుకింగ్‌లోనే టిక్ పెట్టు, దానికి డబ్బులేమీ ఉండవు. రెండు చోట్లా గేటు దాకా వాళ్లే తీసుకెళ్తారు.